విదేశంలో మన పొడులు అమ్మాలంటే ఏ దారి మేలు?

అమెరికాలోనో ఇంగ్లండులోనో స్థిరపడిన తమ్ముడు ఫోను చేస్తాడు. "అన్నా, ఇక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు. మన వైపు కారం, సాంబారు పొడి, కందిపొడి తెప్పించి అమ్ముదామనుకుంటున్నాను. సరుకు సంగతి నువ్వు చూసుకో" అంటాడు. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, పలమనేరు వైపు ఇళ్లలో ఈ ఆలోచన తరచుగా వినిపిస్తున్నదే. వెంటనే చర్చ రుచి మీదికి, ధర మీదికి, ప్యాకెట్ మీద వేసే బొమ్మ మీదికి పోతుంది. ఆ మూడూ తరువాతి సంగతులు. అక్కడి ఓడరేవులో పెట్టె తెరిపించిన అధికారి "ఈ పొడి ఏ కాయలతో చేశారు, ఎక్కడ ఆడించారు, ఎవరు పరీక్షించారు" అని అడిగితే ముందుగా జవాబు చెప్పుకోవలసినవాడు తమ్ముడే. ఆ దేశాల చట్టాలు దిగుమతి చేసుకున్నవాడినే మొదట పట్టుకుంటాయి. పనికిరాదన్న సరుకును తగలబెట్టే ఖర్చు కూడా అతని మీదే పడుతుంది.

అందుకే దారులను పోల్చేటప్పుడు నేను వాడే కొలబద్ద ఒక్కటే. దుకాణంలో ఉన్న ప్యాకెట్ నుంచి లాట్ నంబరు (ఒక విడతలో తయారైన సరుకుకు వేసే గుర్తు) పట్టుకుని వెనక్కి నడిస్తే మిరపకాయల బస్తా దాకా చేరగలమా? చేరగలిగితే ఆ దారిలో లాభం కాస్త తక్కువైనా వెళ్లవచ్చు. చేరలేకపోతే ఎంత లాభం కనిపించినా వద్దు.

నాలుగు దారులు

మొదటిది, ఇప్పటికే ఎగుమతి చేస్తున్న పేరున్న బ్రాండు సరుకు తెప్పించి అమ్మడం. లేబుళ్లు, పరీక్షలు, కాగితాలు చాలావరకు సిద్ధంగా ఉంటాయి. లాభం మాత్రం సన్నగా ఉంటుంది. అదే ప్యాకెట్ పక్క వీధిలోని పెద్ద దుకాణంలో మనకన్నా తక్కువకే దొరుకుతుంది. పైగా పేరు చూసి నిశ్చింతగా ఉండే రోజులు పోయాయి. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ ఆహార భద్రతా కేంద్రం రెండు ప్రసిద్ధ భారతీయ బ్రాండ్ల మసాలా పొడుల్లో క్రిములను చంపడానికి వాడే ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువు అవశేషం కనిపించిందని వాటి అమ్మకం ఆపించింది. ఆ నెలలోనే సింగపూర్ వాటిలో ఒక పొడిని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించింది. ఆ తరువాత బ్రిటన్ భారతదేశం నుంచి వచ్చే మసాలా దినుసులన్నిటి మీదా అదనపు నిఘా పెట్టింది. కాబట్టి పెద్ద బ్రాండు దగ్గర కొన్నా, మనకు వచ్చే లాట్ రిపోర్టు అడిగి తీసుకోవలసిందే.

రెండవది, ఎగుమతి అలవాటున్న యూనిట్‌లో మన కొలతల ప్రకారం చేయించి, మన పేరుతో ప్యాక్ చేయించుకోవడం. ఒక విడతలో కనీసం ఇంత సరుకు తీసుకోవాలని వాళ్లు పట్టుబడతారు. మొదట్లో అది బరువుగానే ఉంటుంది. ఆవిరితో శుద్ధి చేసే యంత్రం, లోహపు ముక్కలను పట్టే పరికరం, లాట్ రిజిస్టరు, విడిగా కడిగే పద్ధతి ఇవన్నీ అక్కడ ఉంటాయి. కొత్తగా దిగేవారికి నా సలహా ఈ దారే.

మూడవది, సొంత మర, సొంత బ్రాండు. మనసుకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, అన్నిటికన్నా ఎక్కువ చిక్కులున్నదీ ఇదే. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఒక వీధి మర దగ్గర ఒక పూట నిలబడి చూడండి. కారానికి వేరే మర ఉన్నా, ఆ మరలోనే ధనియాలు పడతాయి, వేయించిన కందిపప్పు పడుతుంది, పండుగ ముందు నువ్వులు, వేరుశనగ గింజలు పడతాయి. ఒకరి సరుకు అయ్యాక మరవాడు గొట్టం మీద కర్రతో రెండు దెబ్బలు కొట్టి, అంచున మిగిలిన పొడి దులిపి, తరువాతి వారి గిన్నె కింద పెడతాడు. మన వంటకు ఆ మిగిలిన చెంచాడు పొడితో నష్టమేమీ లేదు. వేరుశనగ పడని పిల్లలున్న ఇంట్లో అదే చెంచాడు ప్రాణం మీదికి తెస్తుంది. 2014 చివర, 2015 మొదట్లో అమెరికాలో జీలకర్ర పొడిలో లేబుల్ మీద చెప్పని వేరుశనగ బయటపడి, ఆ జీలకర్ర వాడిన ఉత్పత్తులను వరుసగా వెనక్కి రప్పించవలసి వచ్చింది. సొంత మర పెట్టాలనుకుంటే వేరుశనగ, నువ్వులు, గోధుమ ఆ కప్పు కిందికే రాకూడదు. అలా ఉంచగలిగిన వారికి ఇది మంచి దారే. వీధి మరలో ఆడించి మన లేబుల్ అంటించడం మాత్రం దారే కాదు.

నాలుగవది, 25 కిలోల సంచుల్లో తెప్పించుకుని అక్కడ చిన్న ప్యాకెట్లు కట్టడం. రవాణా ఖర్చు తగ్గుతుంది, లేబుల్ మార్చుకోవడం తేలిక. అయితే తమ్ముడు అప్పటి నుంచి వట్టి వ్యాపారి కాడు, ఆహార యూనిట్ నడిపేవాడు అవుతాడు. బ్రిటన్‌లో అయితే స్థానిక కౌన్సిల్ దగ్గర పని మొదలుపెట్టడానికి 28 రోజుల ముందే నమోదు కావాలి. అమెరికాలో ప్యాకింగ్ చేసే చోటును ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు చేయాలి. ఉద్యోగం చేస్తూ శనివారాల్లో గ్యారేజీలో కట్టుకుందామనే ఆలోచన ఉంటే దాన్ని ఇక్కడే వదిలేయడం మంచిది.

ఏ పొడితో మొదలుపెట్టాలి

పసుపు, కారం, ధనియాల పొడి, మిరియాల పొడి వంటి ఒకే దినుసు పొడులు ఒక వర్గం. సాంబారు పొడి, రసం పొడి, గరం మసాలా వంటి మిశ్రమాలు రెండో వర్గం. కందిపొడి, పల్లీ పొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి వంటి అన్నంలో కలుపుకునే పొడులు మూడో వర్గం. మనకు ప్రేమ మూడో వర్గం మీద, అక్కడి మనవాళ్లు అడిగేదీ అదే. నిబంధనల బరువు కూడా సరిగ్గా అదే వరుసలో పెరుగుతుంది.

ఒకే దినుసు పొడిలో పరీక్షించవలసినవి తక్కువ, లేబుల్ చిన్నది. అమెరికాలో వట్టి మసాలా దినుసులకు పోషక విలువల పట్టిక కూడా సాధారణంగా అక్కర్లేదు. అందులో పప్పు కలిసిందంటే ఆ పట్టిక తప్పదు. కస్టమ్స్ వర్గీకరణ కూడా మారవచ్చు. సరుకులకు కోడు నంబర్లు ఇచ్చే కస్టమ్స్ జాబితాలో మసాలా దినుసులది 9వ అధ్యాయం. వాటిలో వేరే పదార్థాలు కలిపినా మసాలా స్వభావమే ప్రధానంగా నిలిస్తే అక్కడే ఉంటాయి, లేకపోతే వేరే అధ్యాయంలోకి పోతాయి. మిరియాల ఘాటు ఉన్న రసం పొడికి ఒక కోడు, సగానికి పైగా పప్పే ఉన్న కందిపొడికి మరొక కోడు పడవచ్చు. సుంకం ఆ కోడును బట్టే ఉంటుంది. అందుకని లేబుల్ అచ్చు వేయించక ముందే దిగుమతి జరిగే దేశంలోని కస్టమ్స్ ఏజెంటుకు పాళ్లతో సహా రాసి పంపి కోడు ఖాయం చేసుకోండి.

తరువాత పడని పదార్థాల సంగతి. అమెరికాలో తప్పనిసరిగా ప్రకటించవలసిన ప్రధాన ఎలర్జీ పదార్థాలు తొమ్మిది. నువ్వులు ఆ జాబితాలోకి 2023 జనవరి 1 నుంచి వచ్చాయి. ఐరోపా, బ్రిటన్ జాబితాల్లో 14 ఉన్నాయి, వాటిలో ఆవాలు కూడా ఒకటి. మన పోపు దినుసుల డబ్బాలో ఆవాలు లేని ఇల్లు ఉండదు. అందుకే "ఇందులో ఏముందండీ, అంతా శాకాహారమే" అన్న మాట అక్కడ చెల్లదు.

అన్నిటికన్నా చాటుగా వచ్చేది ఇంగువ. మనం దుకాణంలో కొనే ఇంగువ చాలావరకు కూటు ఇంగువ. అఫ్గానిస్థాన్, ఇరాన్, ఉజ్బెకిస్థాన్ నుంచి వచ్చే ఘాటైన జిగురును గోధుమ పిండితోనో మైదాతోనో, బంకతోనో కలిపి తయారుచేస్తారు. సాంబారు పొడిలో చిటికెడు ఇంగువ వేశామంటే గోధుమ వేశామన్నమాట. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం పడనివారు ఆ ప్యాకెట్ వెనుక వెతికేది ఆ ఒక్క మాట కోసమే. బియ్యపు పిండితో చేసిన ఇంగువ కూడా దొరుకుతుంది. దాన్ని వాడి, ఆ ఇంగువ డబ్బా మీది వివరాలను ఫోటో తీసి లాట్ కాగితాలతో పాటు దాచండి.

కరివేపాకు పొడి మీద ఎంత ఇష్టమున్నా ఐరోపాకు మొదటి విడతలో పంపవద్దు. మన దేశపు కరివేపాకులో పురుగుమందుల అవశేషాల కోసం అక్కడ చాలాకాలంగా ప్రత్యేక తనిఖీలు జరుగుతున్నాయి. ఆకు ఎండబెట్టి పొడి చేసేసరికి బరువు తగ్గి అవశేషాల సాంద్రత పెరుగుతుంది. సాగు దశ నుంచే మందుల లెక్క తెలిసిన తోట దొరికే వరకు ఆగడం మేలు.

నా ఎంపిక అడిగితే పసుపు, కారం, ఒక్క సాంబారు పొడి. అంతే. కందిపొడి రెండో ఏడాది.

ఏ దేశానికి

ఇక్కడ చాలామంది చేసే పని, తమ్ముడు ఎక్కడ ఉంటే అక్కడికే పంపడం. అది సహజమే. అయినా ఒక దేశానికి పనికొచ్చిన సరుకు ఇంకో దేశంలో ఎందుకు ఆగిపోతుందో తెలిసి ఉండాలి.

ఇథిలీన్ ఆక్సైడ్‌నే తీసుకోండి. సాల్మొనెల్లా వంటి క్రిములను చంపడానికి మసాలా దినుసులకు పట్టించే వాయువు అది. అమెరికాలో ఎండు మసాలా దినుసుల్లో దాని అవశేషం కిలోకు 7 మిల్లీగ్రాముల వరకు చెల్లుతుంది. ఐరోపా, బ్రిటన్ పరిమితి 0.1 మిల్లీగ్రాము. అది కూడా ఆ వాయువు, దాని నుంచి పుట్టే క్లోరోఇథనాల్ రెండూ కలిపి లెక్కవేసిన మొత్తం. అంటే అమెరికాకు వెళ్లవలసిన లాట్‌ను పొరపాటున లండన్ పంపితే అది చెత్తే. అందుకని ఐరోపా, బ్రిటన్‌లకు ఆవిరి శుద్ధి ఒక్కటే నిలకడైన మార్గం. ఆవిరికి కారం రంగు కాస్త ముదురుతుంది, ధనియాల వాసన కొంత తగ్గుతుంది. తరువాత సరిగ్గా ఆరబెట్టకపోతే తేమ నిలిచి పొడి గడ్డ కడుతుంది. శుద్ధి చేసిన నమూనాతో ఇంట్లో ఒకసారి వండి చూసి ఆ తరువాతే ఆర్డరు ఇవ్వండి. రేడియేషన్‌తో శుద్ధి చేసే పద్ధతి కూడా ఉంది. చాలా దేశాలు మసాలాలకు దాన్ని అనుమతించాయి గానీ లేబుల్ మీద ఆ సంగతి రాయాలి. ఆ మాట చూసి చేయి వెనక్కి తీసుకునే కొనుగోలుదారులు ఎక్కువ.

ఇక బూజు విషం, అఫ్లాటాక్సిన్. మిరపలో, పసుపులో ఐరోపా పరిమితి కిలోకు బీ1 రకం 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10. అమెరికా ఆహార పదార్థాలకు మొత్తం మీద 20 దాకా చూస్తుంది. మిరపలో ఓక్రాటాక్సిన్ అనే మరో బూజు విషానికి ఐరోపాలో వేరే పరిమితి ఉంది, కిలోకు 20 మైక్రోగ్రాములు. ఐరోపా తన అదనపు తనిఖీల జాబితాను ఆరు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి గత ఏడాది స్నేహితుడికి ఎలా జరిగిందన్నది మనకు ఆధారం కాదు.

అమెరికాలో పద్ధతి వేరు. ఇక్కడి యూనిట్ ఎఫ్‌డీఏ దగ్గర నమోదై, అక్కడ ఒక ప్రతినిధిని చూపాలి. ఆ నమోదును సరి సంఖ్య సంవత్సరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పునరుద్ధరించుకోవాలి. ప్రతి సరుకుకూ ముందస్తు సమాచారం పంపాలి. అమ్మ ఇంట్లో చేసి కొడుకుకు కానుకగా పంపే పొడికి ఆ ముందస్తు సమాచారం అక్కర్లేదు గానీ, అమ్మకానికి వెళ్లే సరుకుకు ఆ మినహాయింపు లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, విదేశీ సరఫరాదారు సురక్షితంగా చేస్తున్నాడని దిగుమతిదారే తనిఖీ చేసి రుజువులు దాచుకోవాలి. ఏడాదికి సగటున 10 లక్షల డాలర్లలోపు ఆహార వ్యాపారం చేసే చిన్న దిగుమతిదారులకు ఇందులో సడలింపు ఉంది. సరఫరాదారు నుంచి రాతపూర్వక హామీ తీసుకుంటే సరిపోతుంది. మన తమ్ముళ్లు చాలామంది ఆ వర్గంలోకే వస్తారు కాబట్టి కొత్తవారికి అమెరికా ఐరోపా కన్నా తేలిక. సాల్మొనెల్లా విషయంలో మాత్రం వాళ్లు రాజీపడరు. ఒకసారి యూనిట్ పేరు హెచ్చరిక జాబితాకెక్కితే తరువాతి సరుకులన్నీ పరీక్ష లేకుండానే ఆపవచ్చు.

గల్ఫ్ దేశాలకు అరబిక్ లేబుల్, ఉత్పత్తి నమోదు కావాలి. దూరం తక్కువ, మనవాళ్లు ఎక్కువ. లాభం తక్కువైనా అలవాటు పడటానికి మంచి మార్కెట్.

మిరపకాయ దగ్గర నిలబడి

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా సరుకు చెడేది కళ్లంలోనే. కోసిన కాయను వట్టి నేల మీద ఆరబోసినప్పుడు మంచు పడినా, అకాల వాన తడిపినా లోపల బూజు పడుతుంది. తూకం కోసం నీళ్లు చల్లే పాడు అలవాటు కూడా ఉంది. కాయ పైకి ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంటుంది. గోటితో నిలువుగా చీల్చి చూడండి. గింజల నడుమ, తెల్లని పొర మీద బూడిద రంగు నలుసులు కనిపిస్తే ఆ బస్తా వద్దు. ఏమీ కనిపించకపోయినా విషం లేదని అర్థం కాదు. అందుకే ఆడించక ముందు కాయకే పరీక్ష చేయించాలి. పొడి అయ్యాక పరీక్షలో తప్పితే డబ్బంతా పోయినట్టే, కాయ దశలో తప్పితే బస్తాలు మార్చుకుంటే సరిపోతుంది.

గుంటూరు నుంచి వచ్చే సన్నం, తేజ రకాలలో దేని ధర ఎంతో అడిగి, తొడిమ తీస్తే పోయే బరువు, ఆడించే కూలి, ప్యాకింగ్ కలుపుకుని చూడండి. ఆ మొత్తం కన్నా తక్కువకు ఎవరైనా కారం ఇస్తానంటే అందులో తాలు కాయలున్నాయి. తాలు కాయలతో ఆడిస్తే పొడి వెలిసిపోయి వస్తుంది. అలా వచ్చిన పొడిని ఎర్రగా చేయడానికే రంగు కలుపుతారు. సూడాన్ వంటి నిషేధిత రంగులు నూనెలో కరుగుతాయి, నీళ్లలో కరగవు. గ్లాసు నీళ్లలో కారం వేసి చూసే ఇంటి పరీక్షకు అవి దొరకవు. 2003లో ఐరోపా ఈ రంగు కోసమే మన కారం మీద ఆంక్షలు పెట్టింది. 2005లో బ్రిటన్‌లో సూడాన్ కలిసిన కారం ఒక సాస్ ద్వారా వందలాది తయారీ ఆహారాల్లోకి పాకి అన్నిటినీ అల్మరాల నుంచి తీయించింది.

మన దేశపు ప్రమాణాలు కూడా చేతిలో ఉంచుకోండి. కారంలో తేమ 11 శాతం మించకూడదు. ఆమ్లంలో కరగని బూడిద, అంటే ఇసుక మట్టి, 1.3 శాతం మించకూడదు. ఆడించేటప్పుడు తినే నూనె 2 శాతం దాకా కలపవచ్చు గానీ ఏ నూనె, ఎంత అన్నది లేబుల్ మీద రాయాలి. పసుపులో ఆ రంగునిచ్చే కర్కుమినాయిడ్లు కనీసం 2 శాతం ఉండాలి, లెడ్ క్రోమేట్ జాడ కూడా ఉండకూడదు. పసుపు కొమ్ములకు మెరుపు కోసం పూసే, సీసం ఉన్న పసుపు రంగు పూత అదే. కొమ్ములను అరచేతిలో గట్టిగా రుద్దితే రంగు పొడిలా అంటుకుంటే ఆ సరుకు పక్కన పెట్టండి.

రిపోర్టు విషయంలో ఒక సంభాషణ తరచుగా జరుగుతుంది. "రిపోర్టు ఉందండీ, చూడండి" అని యూనిట్ వారు రెండు పేజీలు ముందు పెడతారు. తేదీ చూస్తే ఎనిమిది నెలల కిందటిది. "ఇది ఈ లాట్‌ది కాదు కదండీ" అంటే, "సరుకు అదే సార్, మార్పేమీ లేదు" అంటారు. మార్పు ఉంటుంది. కాయ వేరు, వాన వేరు, గోదాము వేరు. లాట్ నంబరు, నమూనా తీసిన తేదీ, ఎవరు తీశారు అన్న మూడూ ఉన్న రిపోర్టే రిపోర్టు. ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపండి. మసాలా దినుసుల ఎగుమతులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ స్పైసెస్ బోర్డుకు చెన్నై, గుంటూరుల్లో ప్రయోగశాలలున్నాయి, రెండూ మనకు అందుబాటులోనివే.

ఇక్కడి కాగితాలు, ఎదురు దారి

ఇక్కడి నుంచి పంపేవారికి పాన్ ఆధారంగా వచ్చే ఎగుమతి దిగుమతి కోడు, జీఎస్టీ, ఆహార భద్రతా సంస్థ లైసెన్సు, స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు నమోదు పత్రం కావాలి. సొంత యూనిట్ లేకున్నా వ్యాపారి ఎగుమతిదారుగా ఆ పత్రం తీసుకోవచ్చు. ఇవేవీ భయపడవలసినవి కావు, ఆన్‌లైన్‌లోనే అవుతాయి.

కొందరు ఇందుకు ఎదురుగా ఆలోచిస్తారు. శ్రీలంక దాల్చినచెక్కో, విదేశీ మసాలా ప్యాకెట్లో తెప్పించి తిరుపతిలో అమ్మాలని. వాళ్లకు వ్యాపారం ఎంత చిన్నదైనా ఆహార భద్రతా సంస్థ ఇచ్చే కేంద్ర లైసెన్సు కావాలి. సరుకు కస్టమ్స్ దగ్గరికి వచ్చే రోజుకు నిల్వ కాలంలో 60 శాతమో, గడువుకు మూడు నెలలో, ఈ రెండిటిలో తక్కువైనంత మిగిలి ఉండాలి. దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరు, శాకాహార గుర్తు మాత్రం కస్టమ్స్ గోదాములో అంటించుకోనిస్తారు. తయారీ తేదీ, గడువు తేదీ, పదార్థాల వివరాలు మాత్రం మూలం నుంచే ఉండాలి. ప్యాకెట్ల కన్నా దినుసులు తెప్పించి ఇక్కడ ఆడించడమే మేలని నా అభిప్రాయం. మన దేశంలో మసాలా పొడులను విడిగా అమ్మకూడదు, ప్యాక్ చేసే అమ్మాలి. ఆ సంగతి గుర్తుంచుకుని ప్యాకింగ్ ఖర్చు మొదటి నుంచే లెక్కలో వేసుకోండి.

మొదటి విడత

తిరుపతి నుంచి చెన్నై రేవు దగ్గర. పూర్తి కంటైనర్ అక్కర్లేదు, ఇతరుల సరుకుతో కలిపి పంపే ఏర్పాటు ఉంది. ఆ కంటైనర్‌లో సముద్రపు వేడికి, రాత్రి చల్లదనానికి పైకప్పు చెమర్చి నీటి బొట్లు రాలతాయి. పొరల సంచి బాగా సీల్ అయిందో లేదో ఒక ప్యాకెట్‌ను నీళ్లలో ముంచి నొక్కి చూడండి, బుడగ వస్తే ఆ బ్యాచ్ మళ్లీ సీల్ చేయించండి. తేమ పీల్చే సంచులు పెట్టెకు రెండు చొప్పున వేయించండి.

ధర ఖాయం చేసేటప్పుడు పరీక్షలో తప్పితే నష్టం ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. అన్నదమ్ములైనా సరే రాసుకోండి. ప్రతి లాట్ నుంచి పావు కిలో పొడిని, ఆ లాట్‌కు వాడిన గుప్పెడు కాయలను రెండు సీసాల్లో సీలు వేసి, లాట్ నంబరు, తేదీ రాసి, నిల్వ కాలం ముగిసే వరకు చీకటి బీరువాలో ఉంచండి. అలాంటి సీసాల జత ఒకటి ఇక్కడ, మరొకటి యూనిట్‌లో. అక్కడి నుంచి ఫిర్యాదు వచ్చిన రోజున ప్రయోగశాలకు పంపడానికి మన చేతిలో ఉండేవి ఆ సీసాలే.